బాయి దిగనివాడి దగ్గు

మంచిర్యాల బస్టాండులో ఆ సాయంత్రం నేను పరుగెత్తిన దూరం టీ కొట్టు నుంచి బస్సు దాకానే. చేతిలో వార్తల కవరు ఉంది. కరీంనగర్ బస్సు అప్పుడే కదిలింది. రోజూ ఆ బస్సు డ్రైవరు చేతికి కవరు ఇస్తే, కరీంనగర్‌లో మా పత్రిక మనిషి వచ్చి తీసుకునేవాడు. ఏళ్ల తరబడి చేసిన పనే. ఆ రోజు కూడా డ్రైవరు కిటికీ దాకా చేరాను. "ఆపు" అనాలి. నోరు తెరిచాను కాని మాట రాలేదు. లోపలికి గాలి పోవడం లేదనుకున్నాను. నిజానికి లోపలున్న గాలి బయటికి రావడం లేదు. ఆ తేడా నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

డ్రైవరు ఖాజా నన్ను చూసి బస్సు ఆపి దిగి వచ్చాడు.

"ఏమైంది సాబ్? పెదవులు గట్ల నీలంగయినయేంది? గుండెనా?"

కాదన్నట్టు తల ఊపాను. గుండె కాదని నాకెట్లా తెలుసో నాకే తెలియదు.

"జర కూసో. ఫికర్ చేయకు. బస్సు యాడికి పోదు, నేను నడిపితెనే పోతది."

కిటికీలోంచి ఒకాయన, "ఏంది, తాగిండా?" అన్నాడు.

"నువ్వు తాగినవా అని నేనడిగిన్నా?" అన్నాడు ఖాజా. "సీటు దొరికింది గద, సప్పుడు జేయక కూసో."

కవరు నా చేతిలోంచి తీసుకుని, నన్ను సిమెంటు బల్ల మీద కూర్చోబెట్టి, ఖాజా వెళ్లిపోయాడు. బస్సు వదిలిన పొగ చాలాసేపు అక్కడే ఉంది. లేచి పక్కకు జరగాలని ఉన్నా లేవలేకపోయాను. చుట్టూ బస్టాండు నిండా మనుషులున్నారు. నాకు ఊపిరి ఆడడం లేదన్న సంగతి వాళ్లలో ఎవరికీ తెలియదు. ఆ ఒంటరితనం తర్వాత నాకు బాగా అలవాటైంది. మొదటిసారి మాత్రం భయం వేసింది.

అప్పటికి నాకు నలభై నిండలేదు. బీడీ, సిగరెట్టు ముట్టలేదు. బాయి కూడా దిగలేదు. మా వైపు బొగ్గు గనిని బాయి అంటారు.

మాది మంథని. బాపుకు గోదావరి ఒడ్డున వరి పొలం ఉండేది. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు మూతపడి నా చదువు ఆగింది. ఖాళీగా ఉండలేక పత్రికకు వార్తలు పంపడం మొదలుపెట్టాను, అదే పనయింది. పెళ్లయ్యాక నా భార్య సుగుణకు మంచిర్యాల పక్కనే ఉన్న నస్పూర్‌లో ఒక ఎయిడెడ్ బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. విలేకరికి ఏ ఊరైనా ఒకటే కదా అని ఇద్దరం అక్కడికి చేరాం. గని కార్మికుల ఇళ్ల మధ్య ఒక గల్లీలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం.

ఆ గల్లీ పొద్దుటి పూట ఎలా ఉండేదో చెప్పాలి. కార్మికుల ఇళ్లకు వంటకు బొగ్గు ఇచ్చేవారు. పాత ఇనుప బకెట్టుకు కింద రంధ్రం కోసి, లోపల మట్టి మెత్తి పొయ్యి చేసుకునేవాళ్లు. పచ్చి బొగ్గు అంటుకునేటప్పుడు విపరీతంగా పొగ వస్తుంది. అందుకని పొయ్యిని వాకిట్లో పెట్టి ముట్టించి, పొగంతా పోయి నిప్పు ఎర్రబడ్డాకే లోపలికి తీసుకుపోవాలి. ఇల్లు మసిబారకుండా, పిల్లలకు పొగ తగలకుండా పద్ధతి తెలిసిన ఇల్లాలు అలాగే చేస్తుంది. మా గల్లీలో అందరూ పద్ధతి తెలిసినవాళ్లే. కాబట్టి పొగంతా గల్లీలో ఉండేది. చలికాలం అది పైకి లేవదు. ఎదురింటి తలుపు ఏ రంగుదో పొద్దెక్కే దాకా కనిపించేది కాదు.

నేను సరిగ్గా ఆ వేళకే బయట అరుగులాంటి గద్దె మీద కూర్చునేవాణ్ని. పత్రికలన్నీ పొద్దున్నే వస్తాయి. పక్క పత్రికవాడు ఏం రాశాడో చూడకుండా విలేకరికి తెల్లవారదు. ఇంట్లో దీపం చాలదని బయట కూర్చుని, పొగలో కళ్లు చికిలించి, అన్నీ చదివేవాణ్ని. తర్వాత బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్క టీ కొట్టుకు పోయేవాణ్ని. వార్తలు అక్కడికే నడిచి వచ్చేవి. సాయంత్రం బస్టాండు. ఇంట్లో కూర్చుంటే వార్త దొరకదు. అలా పదేళ్లకు పైగా, ఆ ఊళ్లో నాకన్నా ఎక్కువసేపు రోడ్డు మీద గడిపినవాళ్లు లారీ డ్రైవర్లేనేమో.

మొదటి ఏళ్లలో దగ్గు చలికాలమే వచ్చేది. పొద్దున లేవగానే కాసేపు దగ్గితే కఫం పడేది, అందులో నల్లటి చారలు. ఆ ఊళ్లో ముక్కు చీదినా నలుపే కనుక దాన్నెవరూ పట్టించుకోరు. పక్కింటి రాజవ్వ నా దగ్గు విని ఒకరోజు బెల్లం ముక్క తెచ్చిచ్చింది.

"నోట్ల పెట్టుకో పేపరు సారూ. దుమ్మంతా కిందికి గుంజుతది. మా ఆయన గిన్నేండ్లాయె బాయిల దిగవట్టి. బెల్లం తినవట్టే గుండ్రాయోలె ఉండు."

లోపల్నుంచి ఆమె భర్త మల్లయ్య దగ్గు వినిపించింది. ఆగకుండా చాలాసేపు.

"గది దగ్గు గాదు సారూ, అలవాటు" అన్నది రాజవ్వ.

ఇద్దరం నవ్వుకున్నాం. బెల్లం తిన్నాను. ఏటేటా తింటూనే ఉన్నాను. దగ్గు చలికాలం దాటి ఎండాకాలంలోకి వచ్చింది. మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. ఒళ్లు బరువెక్కిందనుకున్నాను. నిజానికి ఒళ్లు తగ్గుతూ వస్తోంది.

బస్టాండులో అలా అయిన మర్నాడు సుగుణ బడికి సెలవు పెట్టి నన్ను సర్కారు దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు గారు తల ఎత్తకుండా అడిగారు.

"ఏం పని?"

"పత్రికలో అండీ."

"బాయిలో ఎప్పుడైనా చేశావా?"

"లేదు."

"బీడీ?"

"లేదు."

"ఇంట్లో ఎవరికైనా టీబీ?"

"మా చిన్నాయనకు ఉండె. ఎప్పుడో."

"అదీ సంగతి" అన్నారాయన.

ఎక్స్‌రేలో కుడివైపు పైన మచ్చలాంటి షాడో ఉందన్నారు. స్పూటమ్ టెస్టు, అంటే కఫం పరీక్ష, నెగెటివ్ వచ్చింది. మళ్లీ చేయించారు, మళ్లీ నెగెటివే. "నెగెటివ్ వచ్చినా క్లినికల్‌గా టీబీయే. ట్రీట్‌మెంట్ స్టార్ట్ చేద్దాం" అన్నారు. ఆయన్ను నేను తప్పుపట్టను. మా ప్రాంతంలో దగ్గే మనిషిని చూస్తే రెండే సంగతులు తోచేవి. బాయి దిగితే బొగ్గు దుమ్ము, దిగకపోతే టీబీ. రోగులూ అలాగే అనుకునేవాళ్లు, డాక్టర్లూ అలాగే అనుకునేవాళ్లు. నేనూ అలాగే అనుకున్నాను. బాయి పైన, ఆరుబయట, అందరితోపాటు పీల్చిన గాలితో ఒక మూడో రకం దగ్గు వస్తుందని ఎవరికీ తట్టలేదు.

స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు, మాత్రలు మొదలయ్యాయి. కొన్నాళ్లకు చెవుల్లో సన్నగా ఒకటే మోత. ఆ మోత ఇప్పటికీ ఉంది. చిన్నపిల్లను దగ్గర ఉంచుకోవద్దన్నారు కాబట్టి మా కూతురు మంజులను మంథనిలో అవ్వ దగ్గరికి పంపించాం. నా కంచం, గిలాస వేరయ్యాయి. సుగుణ వాటిని వేరే గూట్లో పెట్టేటప్పుడు నావైపు చూసేది కాదు. టీ కొట్టులో కూడా ఒకరోజు కొత్త గిలాస వచ్చింది. "మీకోసమే తెచ్చిన సారూ, ఇంకెవ్వలకియ్య" అన్నాడు కొట్టాయన ఎంతో మర్యాదగా. బల్ల మీద నా పక్కన చోటు ఖాళీగా ఉండసాగింది. జనం రాకపోతే విలేకరికి వార్తలూ రావు. అప్పటి నా వార్తలు తీసి చూస్తే సభలు, ప్రకటనలే ఉంటాయి. ఎవరో నా చెవిలో చెప్పింది ఒక్కటీ లేదు.

మంజులను చూడటానికి మంథని పోతే వాకిలి దాటి లోపలికి పోయేవాణ్ని కాదు. అది గడప మీద నిలబడి మాట్లాడేది.

"బాపూ, నువ్వు మాట్లాడుకుంట దగ్గుతవా, దగ్గుకుంట మాట్లాడుతవా?"

"రెండూ."

"మరి నేను పాట పాడుకుంట ఏడుస్త, సూడు" అని నవ్వుతూ పాడింది. దానికి ఏడుపు రాలేదు. నేను దగ్గు వచ్చిందని మొహం తిప్పుకున్నాను.

కోర్సు ఏడాదిన్నర సాగింది. చివర్లో మళ్లీ ఎక్స్‌రే తీశారు. షాడో మునుపు ఎలా ఉందో అలాగే ఉంది. "అది మానిన మచ్చ. యూ ఆర్ క్యూర్డ్" అన్నారు. మంజుల ఇంటికొచ్చింది. గిలాసలు మళ్లీ ఒకే గూట్లోకి చేరాయి. దగ్గు మాత్రం పోలేదు. ఆయాసం పెరిగింది. ఆ వానాకాలం జ్వరంతో దవాఖానలో చేరితే వేరే డాక్టరు రక్తం పరీక్ష చూసి ఈస్నోఫీలియా అన్నారు. దానికి ఒక కోర్సు మాత్రలు వాడాను. ఇంకొకరు ఆస్తమా అన్నారు. పేరు మారినప్పుడల్లా కొన్ని వారాలు ధైర్యంగా ఉండేది. తర్వాత అదే గద్దె, అదే పొద్దు, అదే దగ్గు.

చివరికి సుగుణే పట్టుబట్టి హైదరాబాద్ తీసుకుపోయింది. అక్కడ ఛాతీ జబ్బుల డాక్టరు ఒక చిన్న వయసు ఆవిడ. ఒక గొట్టం నోట్లో పెట్టి ఊదమంది. ఊదితే మిషను మీద కాగితంపై గీత గీస్తుంది. "గట్టిగా... ఇంకా... ఇంకా... ఆపకండి, ఆపకండి" అంటోంది. నా కళ్లకు చీకట్లు కమ్మాయి. శక్తంతా పెట్టి ఊదాననే అనుకున్నాను. ఆమె కాగితం వైపు చూసి, "మీ మొహం చూస్తే చాలా కష్టపడ్డారు. గీతే కదలలేదు" అన్నది.

తర్వాత ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూపించింది. "ఇది క్రానిక్ బ్రాంకైటిస్, దాంతోపాటు ఎంఫిసీమా. ఊపిరితిత్తి పాత రబ్బరులాగా సాగిపోయింది. గాలి లోపలికి పోతుంది, బయటికి రాదు. సిగరెట్ తాగనివాళ్లకు ఈ వయసులో ఇంత ఉండకూడదు. ఎక్కడుంటారు మీరు?"

"నస్పూర్."

"అక్కడ ఏముంటుంది?"

ఇన్నేళ్లలో ఒక డాక్టరు నన్ను ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. ఏం పని, ఏం తాగుతావు, ఇంట్లో ఎవరికి ఏముంది అని అడిగారు కాని, ఉన్న చోట ఏముందని ఎవరూ అడగలేదు. వాకిళ్లలో పొయ్యిల సంగతి, లారీల సంగతి, పొద్దున్నే పత్రికలు చదివే సంగతి చెప్పాను. ఆమె రాసుకోవడం ఆపి విన్నది.

"అదే కారణమని నేను రాసివ్వలేను. ప్రూవ్ చేయడం కష్టం" అన్నది. "కాని నేను నమ్ముతాను. పోయిన ఊపిరి తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలంటే మీరు ఆ గాలిలోంచి బయటపడాలి."

"మరి టీబీ?" అని సుగుణ అడిగింది.

"ఉండిందో లేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరమ్మా."

తిరుగు ప్రయాణంలో సుగుణ కాజీపేట దాటాక అన్నది, "గా టీబీ లేకుండెనేమో. పిల్లను ఉత్తగనే అంత దూరం పెట్టినమేమో."

 

ఊరు విడవడం మాకు అంత తేలిక కాదు. సుగుణది ఎయిడెడ్ బడి, దానికి బదిలీలుండవు. విడిస్తే ఉద్యోగమే పోతుంది. నా రాబడితో ఇల్లు గడవదు. ముందు గల్లీలోనే ఏమన్నా చేయొచ్చేమోనని చూశాను. రాజవ్వను పిలిచి, పొయ్యిలన్నీ దూరంగా మైదానం అంచున ముట్టించుకుని, ఎర్రబడ్డాక తెచ్చుకుంటే ఎట్లా ఉంటుందని అడిగాను.

"నిప్పులు పట్టుకొని అంత దూరంకెల్లి నడిచొస్తమా సారూ? కొంగంటుకుంటె?" అన్నది. "బయటనే పెడుతున్నం గద! ఇంట్ల పెట్టి పిల్లలకు పొగ పెట్టమంటవా?"

ఆమె మాటలో న్యాయం ఉంది. ఆమె ఇంట్లో పొగ లేదు. పొగ ఎవరి ఇంట్లోనూ లేదు.

అప్పుడు నాకు తెలిసిన పని చేశాను. పొద్దుటిపూట కాలనీల పొగ మీద ఒక వార్త రాశాను. చలికాలం పిల్లల దగ్గు గురించి, ముసలివాళ్ల ఆయాసం గురించి రాసి, పచ్చి బొగ్గుకు బదులు గ్యాసు ఇస్తే బాగుంటుందని చివర ఒక వాక్యం చేర్చాను. పత్రిక లోపలి పేజీలో చిన్నగా వేసింది. టీ కొట్టులో ఎవరో దాన్ని బిగ్గరగా చదివారు. చివరి వాక్యం దగ్గర అందరూ ఆగిపోయారు.

ఆ సాయంత్రం మల్లయ్య మా వాకిట్లోకి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"బొగ్గు బంద్ పెట్టిస్తవా సారూ?"

"బంద్ కాదు మల్లయ్యా. బదులు గ్యాసు ఇయ్యమన్న."

"ముందుగాల బంద్ పెడతరు. బదలుది ఎన్నడిస్తరో ఎవ్వలకెరుక? గా బొగ్గు మాది. కిందికి పోయి తెచ్చేది మేము. పొయ్యిల ఎట్ల పెట్టుకోవాల్నో నువ్వు జెప్తవా?"

"నీకూ దగ్గుంది గద."

"నాకు దగ్గొస్తె నాకు కంపెనీ దవాఖాన ఉన్నది. నీకు లేదు. గదీ నీ కడుపుమంట" అన్నాడు. అంటూనే దగ్గు వచ్చి, మా గద్దెను పట్టుకుని వంగిపోయాడు. నాకూ దగ్గు వచ్చింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూడకుండా చెరో వైపు తిరిగి దగ్గాం. తేరుకున్నాక అతను వెళ్లిపోయాడు.

అంతకుముందు రాజవ్వ తన బొగ్గులోంచి మాకూ ఒక గంప ఇచ్చేది. అది ఆగింది. కిరోసిన్ స్టౌ తెచ్చుకున్నాం. గిలాస వేరైనప్పుడు కూడా మాట్లాడినవాళ్లు ఇప్పుడు మాట్లాడటం మానేశారు. నేను ఎలాగూ ఊరంతా తిరిగేవాణ్ని. మాటలు కరువైంది సుగుణకే.

"రాసిందేమో మీరు, మాట్లాడందేమో నాతోటి" అన్నది ఒకరోజు బియ్యం చెరుగుతూ. కోపంగా అనలేదు. చేట పక్కన పెట్టి, "రాసింది మంచిగనే రాసిండ్రు" అని మాత్రం అన్నది. ఆ వార్త గురించి నాకు దక్కిన మెప్పు అదొక్కటే. ఇప్పుడైనా అదే రాస్తాను.

మరుసటి చలికాలం నేను పక్క మీద పడుకోలేకపోయాను. రాత్రిళ్లు దిండ్లు పేర్చుకుని కూర్చునే కునుకు తీసేవాణ్ని. మా పత్రికకు ఇచ్చోడలో విలేకరి లేడని తెలిసి నేనే అడిగాను. అడవి పక్క, ఎత్తు మీది ఊరు. అక్కడ హైవేకు దూరంగా ఒక గది దొరికింది. సుగుణ వచ్చి గది ఊడ్చి, స్టౌ అమర్చి, మందులు గూట్లో సర్ది, పప్పు ఎన్ని నీళ్లలో ఉడకాలో చెప్పి, ఆదివారం మధ్యాహ్నం బస్సెక్కింది. పెళ్లయ్యాక మేం వేరువేరు ఊళ్లలో ఉండటం అదే మొదలు. బస్సు మలుపు తిరిగే దాకా ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. నేను లోతుగా ఊపిరి తీసుకున్నాను. గాలి బాగుంది. ఆ సంగతి ఆ క్షణాన గమనించినందుకు నామీద నాకే చిరాకు వేసింది.

కొన్ని నెలల్లో కఫం తగ్గింది. అందులో నలుపు పోయింది. దగ్గు పొద్దుటి పూటకు తగ్గి, తర్వాత కొన్ని పొద్దులకు తగ్గింది. నన్ను మరాఠీలో అన్నా అన్నట్టు భావూ అని పిలిచే ఇంటి యజమాని విఠల్‌రావు ఒకరోజు తలుపు తట్టాడు.

"ఏం భావూ, ఇయ్యాల దగ్గు ఇనస్తలేదు, ఉన్నవా లేవా అని సూడొచ్చిన."

"ఉన్న."

"ఉంటె జర దగ్గరాదు, మాకు ధైర్నం ఉంటది" అని నవ్వాడు.

ఆ ఊళ్లో నన్ను పలకరించేవాళ్లు లేకపోలేదు. కాని చీకటి పడ్డాక గదిలో నా చెవుల్లో మోత తప్ప వేరే చప్పుడు ఉండేది కాదు. వండుకున్నది తినే ముందు ఎదురుగా ఎవరైనా ఉన్నట్టు "ఉప్పెక్కువైంది" అని పైకి అనేవాణ్ని. ఆయాసం మాత్రం పోలేదు. డాక్టరమ్మ చెప్పినట్టు పోయింది తిరిగి రాలేదు.

బాగున్నానన్న ధైర్యంతో రెండో ఏడు దసరాకు నస్పూర్ వెళ్లాను. మంజుల కూడా తను చదువుకుంటున్న హాస్టల్ నుంచి వచ్చింది. ఇంట్లో ముగ్గురం ఉండటం పండుగకన్నా ఎక్కువగా ఉంది. పాత అలవాటు కొద్దీ పొద్దున్నే పత్రికలు పట్టుకుని గద్దె మీద కూర్చున్నాను. సుగుణ లోపల్నుంచి, "ఆడ కూసోకుండ్రి, లోపలికి రాండ్రి" అంటూనే ఉంది. ఈ ఒక్క పేజీ అన్నాను. పండుగ పూట గల్లీలో పొయ్యిలు ఎక్కువ. ఆ పేజీ పూర్తి కాలేదు. ఛాతీ బిగుసుకుపోయింది. మంజుల ఆటో కోసం ఉరికింది. నన్ను ఆటోలోకి ఎత్తినవాళ్లలో మల్లయ్య కూడా ఉన్నాడు. అతని ఆయాసం నా చెవి పక్కనే వినిపించింది.

ఆక్సిజన్ పెట్టారు, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. డ్యూటీ డాక్టరు సుగుణతో, "ఇంకో అరగంట లేటయితే మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు" అన్నారు. ఆమె నా కాళ్ల దగ్గర మంచం పట్టె మీద కూర్చుంది. మాస్కు తీశాక ఆమె అన్న మొదటి మాట నాకు బాగా గుర్తుంది.

"మీరిగ ఇంటికి రాకుండ్రి. నేనే వస్త."

ఆ తర్వాత నేను మా ఇంట్లో ఒక్క పొద్దు కూడా గడపలేదు. సెలవులకు సుగుణే వస్తుంది. వచ్చినప్పుడు స్టౌ ఒత్తులు సరిచేస్తుంది, నా చొక్కాలకు బొత్తాలు కుడుతుంది, వెళ్లిపోతుంది.

ఇప్పుడు నా జీవితం నిదానంగా ఉంది. పొద్దున, సాయంత్రం ఇన్‌హేలర్ తీసుకుంటాను. దాన్ని చూసి మొదట్లో, అలవాటు పడతావని భయపెట్టినవాళ్లున్నారు. ఊపిరికి అలవాటు పడే ఉన్నాను కాబట్టి భయపడలేదు. తెల్లవారుజామున నడక మంచిదని అందరూ చెబుతారు. నేను మంచు, పొగ విడిపోయాక, ఎండ వచ్చాకే నడుస్తాను. ఆయాసం వస్తే ఆగి, వేడి టీ ఊదినట్టు పెదవులు ముడిచి మెల్లగా గాలి వదులుతాను. చలికాలం చుట్టుపక్కల చేలల్లో పత్తి కట్టె కాలుస్తారు. ఆ రోజుల్లో తలుపులు మూసుకుని ఉంటాను. గాలి ఎక్కడా పూర్తిగా నాది కాదని ఇచ్చోడ కూడా చెప్పింది. వార్తలు ఇప్పటికీ రాస్తాను, తక్కువగా. కవరు అందించడానికి విఠల్‌రావు పోతాడు.

మా గల్లీలో కొన్ని ఇళ్లకు గ్యాసు వచ్చిందట. రాజవ్వ ఇంట్లో చాయకు గ్యాసు, అన్నానికి బొగ్గు అని సుగుణ చెప్పింది. మల్లయ్య ఉద్యోగం దిగిపోయిన మరుసటి ఏడే పోయాడు. గుండె జబ్బు అన్నారట.

దగ్గుతో డాక్టరు దగ్గరికి పోయేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఏం పని చేస్తావని అడిగితే పని ఒక్కటే చెప్పి ఊరుకోకండి. మీ ఇంటి ముందు ఏం కాలుతుందో, మీ రోడ్డు మీద ఏం తిరుగుతుందో, రోజులో ఎంతసేపు బయట ఉంటారో వాళ్లు అడగకపోయినా చెప్పండి. గొట్టంలో ఊదే టెస్టు ఉందా అని అడగండి. ఇచ్చిన మందు మాత్రం, అది టీబీ మందయినా సరే, డాక్టరును అడగకుండా సొంతంగా ఆపకండి.

ఆదివారాలు హైవే మీది ఎస్టీడీ బూత్ నుంచి సుగుణకు ఫోన్ చేస్తాను. ఆమె బడి పక్క దుకాణానికి వచ్చి నిలబడుతుంది. ఈ చలికాలం మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఫోను దూరంగా పెడుతోంది. నేను వింటున్నది దగ్గేనని నాకు తెలుసు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను పోయిన నెల.

"ఏంది?"

"దగ్గు."

"సుద్దముక్క దుమ్ము. టీచర్లందరికి ఉంటది."

"ఎక్స్‌రే తీయించుకో సుగుణా. హైదరాబాద్ పోదాం."

"సెలవులల్ల సూద్దాం. పరీక్షలున్నయి పిల్లలకు."

బడిలో ఆమెకు ఇంకా ఆరేళ్ల సర్వీసు ఉంది. సంక్రాంతి సెలవులు వచ్చాయి, పోయాయి. సుగుణ ఇంతవరకు ఎక్స్‌రే తీయించుకోలేదు.